సిర్రోసిస్ తీవ్రత స్కోర్లు

కాలేయంలో మచ్చలు పడి, గడ్డలు కట్టి, అది గట్టిపడిపోయిన స్థితిని సిర్రోసిస్ అంటారు. కాలేయం పని ఎంత తగ్గిందో, రానున్న వారాల్లో, నెలల్లో రోగికి ముప్పు ఎంతో రక్తపరీక్షలు, శరీర లక్షణాల ఆధారంగా అంకెల్లో చెప్పే పద్ధతులను తీవ్రత స్కోర్లు అంటారు. వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు: చైల్డ్–ప్యూ, మెల్డ్. మద్యం వల్ల వచ్చే కాలేయ వాపుకు మాడ్రే, లిల్ స్కోర్లు ఉన్నాయి. అప్పటికే జబ్బున్న కాలేయం ఉన్నట్టుండి విఫలమైనప్పుడు ఏఏఆర్‌సీ స్కోరు, కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా వేయడానికి ఫిబ్–4, ఫైబ్రోస్కాన్ వాడతారు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో చాలా కుటుంబాలు ఈ పేర్లను మొదటిసారి వినేది జిల్లా దవాఖాన నుంచి హైదరాబాద్‌కు రాసిచ్చిన రోజే. "లివర్ ఖరాబైంది, మెల్డ్ 22 ఉంది" అన్న మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒక్కటే: "ఎన్ని రోజులు బతుకుతడు?" స్కోరు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఏ నిర్ణయం ఎంత తొందరగా తీసుకోవాలో చెబుతుంది. ఆ స్కోరును సరిగా చదవగలిగిన కుటుంబానికి చేతిలో కొంత సమయం మిగులుతుంది.

వ్యాధి నడిచే తీరు

కాలేయానికి ఏళ్ల తరబడి దెబ్బ తగులుతూ ఉంటే మంచి కణాలు పోయి ఆ చోట పీచులాంటి మచ్చ కణజాలం పేరుకుంటుంది. మన దేశంలో దీనికి ముఖ్య కారణాలు మద్యం, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, షుగరు–ఊబకాయంతో వచ్చే ఫ్యాటీ లివర్. శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసే ఆటో ఇమ్యూన్ వ్యాధులు, రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి వంటివి తక్కువ మందిలో కారణమవుతాయి.

వైద్యులు సిర్రోసిస్‌ను రెండు దశలుగా చూస్తారు. మొదటిది నిలదొక్కుకున్న దశ. ఇందులో కాలేయం దెబ్బతిన్నా మిగిలిన భాగం పని నెట్టుకొస్తుంది. మనిషి పొలం పనికి, మేస్త్రీ పనికి పోతూనే ఉంటాడు కాబట్టి జబ్బు ఉన్నట్టే తెలియదు. రెండోది అదుపు తప్పిన దశ. పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు లేదా తారులాంటి నల్లటి విరేచనం, మతి తప్పడం, కామెర్లు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఈ దశ మొదలైనట్టే. పాత అధ్యయనాల్లో మొదటి దశలో ఉన్నవారిలో సగం మంది 12 ఏళ్లకు పైగా బతికారు. రెండో దశలోకి జారినవారిలో సగం మంది సుమారు 2 ఏళ్లలోపే చనిపోయారు. తీవ్రత స్కోర్ల అవసరం ఎక్కువగా పడేది ఈ రెండో దశలోనే.

రిపోర్టులో చూడాల్సిన అంకెలు

స్కోర్లన్నీ కొద్దిపాటి పరీక్షల మీదే నిలబడి ఉన్నాయి. వాటి అర్థం తెలిస్తే రిపోర్టు సగం అర్థమైనట్టే.

బిలిరుబిన్: పాతబడిన ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే పసుపు పదార్థం. కాలేయం దీన్ని పిత్తంలోకి పంపించలేకపోతే కళ్లు, మూత్రం పచ్చబడతాయి. మామూలుగా డెసిలీటరు రక్తంలో సుమారు 1 మిల్లీగ్రాము లోపే ఉంటుంది.

ఆల్బుమిన్: కాలేయం తయారుచేసే ప్రోటీన్. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోకుండా పట్టి ఉంచేది ఇదే. ఇది తగ్గితే కాళ్ల వాపు, పొట్ట నీరు పెరుగుతాయి.

ఐఎన్‌ఆర్: రక్తం గడ్డకట్టడానికి పట్టే కాలాన్ని చెప్పే అంకె. మామూలుగా 1 దగ్గర ఉంటుంది. రక్తం గడ్డకట్టించే పదార్థాలను చాలావరకు కాలేయమే తయారుచేస్తుంది. దాని పని తగ్గిన కొద్దీ ఈ అంకె పెరుగుతుంది.

క్రియాటినిన్: కిడ్నీల పనికి గుర్తు. కాలేయం ముదిరి చెడినప్పుడు కిడ్నీలకు రక్తప్రవాహం తగ్గి అవీ దెబ్బతింటాయి. సిర్రోసిస్ రోగికి ఇది పెద్ద మలుపు.

సోడియం: పొట్ట నీరు ఎక్కువగా ఉన్నవారిలో శరీరం నీటిని పట్టి ఉంచుకోవడం వల్ల రక్తంలో సోడియం పలుచబడుతుంది. 130 కంటే తగ్గితే ముప్పు పెరిగినట్టు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ చైల్డ్–ప్యూలోనూ మెల్డ్‌లోనూ లేవు. ఇంట్లోవాళ్లు ఎక్కువగా వీటినే చూసి, అవి నార్మల్‌కు వచ్చాయంటే లివర్ బాగైందనుకుంటారు. ఈ ఎంజైములు కాలేయ కణాలకు తగులుతున్న దెబ్బను చూపిస్తాయి గానీ మిగిలిన కాలేయం ఎంత పని చేస్తోందో చెప్పవు. ముదిరిన సిర్రోసిస్‌లో కూడా ఇవి మామూలుగానే ఉండవచ్చు.

చైల్డ్–ప్యూ స్కోరు

1964లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన శస్త్రవైద్యులు చైల్డ్, టర్కాట్ దీన్ని రూపొందించారు. పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిన రోగుల్లో ఆపరేషన్‌ను తట్టుకోగలవారెవరో ముందే తెలుసుకోవడం వారి ఉద్దేశం. అప్పట్లో ఐదు అంశాల్లో పోషణ స్థితి ఒకటి. 1973లో లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో ప్యూ, ఆయన సహచరులు పోషణ స్థానంలో రక్తం గడ్డకట్టే కాలాన్ని చేర్చి, ఒక్కో అంశానికి 1 నుంచి 3 పాయింట్లు ఇచ్చారు. ఆ పద్ధతే నేటికీ వాడుకలో ఉంది.

- బిలిరుబిన్: 2 కంటే తక్కువైతే 1, 2 నుంచి 3 వరకు 2, 3 దాటితే 3 పాయింట్లు.
- ఆల్బుమిన్: 3.5 కంటే ఎక్కువైతే 1, 2.8 నుంచి 3.5 వరకు 2, 2.8 కంటే తగ్గితే 3.
- ఐఎన్‌ఆర్: 1.7 లోపు 1, 1.7 నుంచి 2.3 వరకు 2, 2.3 దాటితే 3.
- పొట్ట నీరు: లేకపోతే 1, కొద్దిగా ఉన్నా మందులతో అదుపులో ఉన్నా 2, ఎక్కువగా ఉండి మందులకు లొంగకపోతే 3.
- మెదడు మీద ప్రభావం: లేకపోతే 1, మొదటి, రెండో స్థాయిలో 2, మూడో, నాలుగో స్థాయిలో 3.

మొత్తం 5–6 వస్తే ఏ తరగతి, 7–9 వస్తే బి, 10–15 వస్తే సి. పాత లెక్కల ప్రకారం ఏడాది తర్వాత ఏ తరగతిలో దాదాపు అందరూ, బి తరగతిలో సుమారు 80 శాతం, సి తరగతిలో సుమారు 45 శాతం మంది బతికి ఉంటారు.

చివరి రెండు అంశాలను ల్యాబ్ చెప్పలేదు. డాక్టరు రోగి దగ్గర నిలబడి చూడాల్సిందే. మెదడు మీద ప్రభావం పట్టుకోవడానికి రోగిని రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విడదీసి, అరచేతులు ఎదుటివారికి కనిపించేలా మణికట్టు పైకి వంచి ఆపమంటారు. కొన్ని క్షణాలకు చేతులు ఉన్నట్టుండి కిందికి వాలి, మళ్లీ పైకి లేస్తుంటే రక్తంలో అమ్మోనియా వంటి విషాల ప్రభావం మెదడు మీద పడుతోందని అనుమానిస్తారు. దీనికంటే ముందే ఇంట్లోవాళ్లకు కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి: పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, డబ్బు లెక్కలో తికమక, సంతకం వంకర పోవడం, ఊరికే చిరాకు. "ఈమధ్య మనిషి మనిషిలా లేడు" అని భార్య చెప్పే మాట పాయింట్లను మార్చగలదు. కాబట్టి ఓపీలో దాన్ని తప్పక చెప్పాలి.

మెల్డ్ స్కోరు, దాని మార్పులు

2000లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు కాలేయం లోపల రక్తానికి పక్కదారి వేసే టిప్స్ అనే చికిత్స తర్వాత ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా వేయడానికి దీన్ని తయారుచేశారు. 2001లో దీన్ని సిర్రోసిస్ రోగులందరికీ వాడవచ్చని చూపించారు. 2002 ఫిబ్రవరి 27 నుంచి అమెరికాలో కాలేయం ఎవరికి ముందు కేటాయించాలో ఈ స్కోరే నిర్ణయించసాగింది. అంతకుముందు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారన్నదానికి కూడా బరువు ఉండేది. మెల్డ్ వచ్చాక ఎవరి పరిస్థితి ఎక్కువ విషమంగా ఉందో వారికే ముందు.

బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్ – ఈ మూడింటినీ సంవర్గమానాల సూత్రంలో పెడితే 6 నుంచి 40 మధ్య ఒక అంకె వస్తుంది. డాక్టర్లు ఫోనులో క్యాలిక్యులేటర్‌తో క్షణంలో లెక్క చూస్తారు. వారంలో రెండుసార్లు డయాలసిస్ అయినవారికి క్రియాటినిన్‌ను 4గా తీసుకుంటారు. కాలేయ మార్పిడికి ఎదురుచూసే రోగుల మీద జరిగిన అధ్యయనాల్లో 3 నెలల్లో మరణించే అవకాశం 10 లోపు స్కోరుకు సుమారు 2 శాతం, 10–19కి 6 శాతం, 20–29కి 20 శాతం, 30–39కి 53 శాతం, 40కి 71 శాతం దాకా ఉంది.

సోడియం తగ్గినవారి ముప్పును పాత మెల్డ్ తక్కువగా చూపిస్తోందని 2008లో తేలింది. సోడియాన్ని కలిపిన మెల్డ్–సోడియం స్కోరును అమెరికా 2016 జనవరిలో అమలుకు తెచ్చింది. తర్వాత మరో అన్యాయం బయటపడింది. ఆడవాళ్లలో కండ తక్కువ కాబట్టి కిడ్నీలు దెబ్బతిన్నా క్రియాటినిన్ అంతగా పెరగదు. అందువల్ల వాళ్ల స్కోరు తక్కువగా వచ్చి, కాలేయం కోసం ఎక్కువ కాలం ఎదురుచూడాల్సి వచ్చేది. 2021లో ప్రచురితమై 2023 జులై నుంచి అమెరికాలో అమల్లోకి వచ్చిన మెల్డ్ 3.0లో ఆడవాళ్లకు 1.33 పాయింట్లు కలుపుతారు. ఆల్బుమిన్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటారు. 12 ఏళ్లలోపు పిల్లలకు పెల్డ్ అనే వేరే స్కోరు ఉంది.

ఒకే రోగికి మెల్డ్, మెల్డ్–సోడియం, మెల్డ్ 3.0 వేర్వేరు అంకెలు ఇస్తాయి. ఒక ఆసుపత్రిలో 17, మరో ఆసుపత్రిలో 22 అన్నంత మాత్రాన జబ్బు ముదిరిందనుకోకూడదు. రెండుచోట్లా లెక్క కట్టింది ఏ స్కోరో ముందు అడగాలి.

ఒక లెక్క

ఉదాహరణకు ఒక రోగిని ఊహిద్దాం. బిలిరుబిన్ 2.6, ఆల్బుమిన్ 2.7, ఐఎన్‌ఆర్ 1.8, క్రియాటినిన్ 1.0, సోడియం 130. పొట్టలో కొద్దిగా నీరు ఉంది, మతి స్థిరంగానే ఉంది. చైల్డ్–ప్యూ ప్రకారం 2+3+2+2+1, అంటే 10. సి తరగతి. మెల్డ్ 17. సోడియం కలిపితే 22.

ఇప్పుడు ఇదే మనిషి ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు కొని వారం రోజులు మింగాడనుకుందాం. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సిర్రోసిస్ రోగుల కిడ్నీలను త్వరగా దెబ్బతీస్తాయి. క్రియాటినిన్ 2.0కు చేరితే, మిగతా అంకెలేవీ మారకపోయినా మెల్డ్ 23కు, సోడియంతో కలిపి 27కు ఎగబాకుతుంది. చైల్డ్–ప్యూ మాత్రం 10 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అందులో కిడ్నీ ఊసే లేదు. రెండు స్కోర్లూ ఎందుకు చూడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

నొప్పి మాత్రల జోలికి పోకుండా, మద్యం పూర్తిగా మానేసి, మందులు వాడి, సరిగా తిన్నాడనుకుందాం. కొన్ని నెలలకు బిలిరుబిన్ 1.8, ఆల్బుమిన్ 3.1, ఐఎన్‌ఆర్ 1.5, సోడియం 136 అయి, మిగతావి అలాగే ఉంటే చైల్డ్–ప్యూ 7, బి తరగతి. మెల్డ్–సోడియం 14. మద్యం మానినవారిలో ఇలాంటి మార్పు నిజంగానే కనిపిస్తుంది. అందుకే మొదటి రోజు స్కోరు చూసి ఆశ వదులుకోకూడదు.

ఇతర స్కోర్లు

మాడ్రే స్కోరు 1970ల చివర్లో వచ్చింది. విపరీతంగా తాగేవారికి ఉన్నట్టుండి కామెర్లు, జ్వరం, పొట్ట ఉబ్బరంతో వచ్చే ఆల్కహాలిక్ హెపటైటిస్ తీవ్రతను ఇది కొలుస్తుంది. రోగి ప్రోత్రాంబిన్ కాలం (రక్తం గడ్డకట్టే కాలం) లోంచి మామూలు కాలాన్ని తీసేసి, 4.6తో గుణించి, బిలిరుబిన్ కలుపుతారు. రోగికి 20 సెకన్లు, మామూలు 13 సెకన్లు, బిలిరుబిన్ 8 అయితే స్కోరు 40. అది 32 దాటితే తీవ్రమైనదిగా లెక్క. ఇన్ఫెక్షన్ లేకుంటే స్టెరాయిడ్ ఇవ్వాలా అని అప్పుడు ఆలోచిస్తారు. 2007లో వచ్చిన లిల్ స్కోరు ఆ స్టెరాయిడ్ పనిచేస్తోందో లేదో 7వ రోజున చెబుతుంది. 0.45 దాటితే పనిచేయడం లేదని ఆపేస్తారు.

అప్పటికే కాలేయ జబ్బు ఉన్న మనిషి ఏదో ఒక కొత్త దెబ్బతో వారాల్లోనే విషమించే స్థితికి ఆసియా పసిఫిక్ కాలేయ సంఘం 2009లో నిర్వచనం ఇచ్చింది. ఆ సంఘం పరిశోధన కూటమి రూపొందించిన ఏఏఆర్‌సీ స్కోరు 2017లో వెలువడింది. బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, లాక్టేట్, మతి స్థితి – ఈ ఐదింటికి కలిపి 5 నుంచి 15 పాయింట్లు. 11 గానీ అంతకు మించి గానీ ఉంటే అత్యంత ప్రమాదకరం. ఐసీయూలో ఈ స్కోరును రోజులు గడిచేకొద్దీ మళ్లీ మళ్లీ చూస్తారు. తగ్గుతోందా పెరుగుతోందా అన్నదే అక్కడ కీలకం.

జబ్బు ఉందో లేదో ముందుగా పసిగట్టడానికి ఫిబ్–4 వాడతారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చిన లబ్ధంతో భాగిస్తారు. 50 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 80, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు లక్ష ఉంటే 5.7 వస్తుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో 2.67 దాటితే కాలేయం బాగా గట్టిపడి ఉండవచ్చని తదుపరి పరీక్షలకు పంపుతారు. ఫైబ్రోస్కాన్ పక్కటెముకల మధ్య ఒక పరికరం ఆనించి కాలేయం గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. 10 లోపు ఉండి ఇతర లక్షణాలేవీ లేకపోతే ముదిరిన జబ్బు లేనట్టే. 15 దాటితే ఉన్నట్టు బలమైన అనుమానం. తిన్న వెంటనే చేస్తే అంకె ఎక్కువగా వస్తుంది కాబట్టి కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా చేయించుకోవాలి.

స్కోరుకు అందనివి

అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలి రక్తం కక్కుకునే ప్రమాదాన్ని చైల్డ్–ప్యూ గానీ మెల్డ్ గానీ లెక్కించవు. దానికి ఎండోస్కోపీ చేసి, అవసరమైతే బ్యాండ్లు వేయాలి. కాలేయ క్యాన్సర్‌నూ ఇవి చూపించవు. స్కోరు ఎంత తక్కువ ఉన్నా సిర్రోసిస్ రోగికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ అవసరం. పొట్ట నీటిలో ఇన్ఫెక్షన్ ఉందో లేదో ఆ నీరు తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. జ్వరం, కడుపు నొప్పి, కొత్తగా మతి తప్పడం ఉంటే ఆ పరీక్ష ఆలస్యం కాకూడదు.

కండ కరిగిపోవడం అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడే విషయం. బక్కచిక్కిన కూలీ మనిషి క్రియాటినిన్ 0.7 అని చూసి కిడ్నీలు బాగున్నాయని అనుకుంటే పొరపాటు. కండ లేకపోవడం వల్లే ఆ అంకె తక్కువగా కనిపిస్తుంది. ప్లాస్మా ఎక్కించాక ఐఎన్‌ఆర్, ఆల్బుమిన్ సీసాలు ఎక్కించాక ఆల్బుమిన్ తాత్కాలికంగా మెరుగుపడతాయి. గుండె జబ్బుకు వార్ఫరిన్ వాడేవారిలో ఐఎన్‌ఆర్ మందు వల్లే పెరుగుతుంది. వీటిని డాక్టరుకు చెప్పకపోతే స్కోరు తప్పుగా వస్తుంది.

పైన చెప్పిన శాతాలు వందల మంది రోగులను కలిపి చూసిన లెక్కలు. ఒక్క మనిషి ఎటువైపు పోతాడో అవి చెప్పలేవు.

పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) పరిస్థితుల్లో

ఈ ప్రాంతంలో స్కోరు లెక్కను తారుమారు చేసే అంశాల్లో మొదటిది కల్తీ కల్లు. చెట్టు నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు గౌడన్నల తరతరాల వృత్తి. అయితే దుకాణాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలుపుతున్నారని తెలంగాణ ఎక్సైజ్ శాఖ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. ఈ మందులను శరీరంలోంచి తొలగించాల్సింది కాలేయమే. కాలేయం చెడినవారిలో ఇవి ఎక్కువసేపు నిలిచి, మెదడును మరింత మందగింపజేస్తాయి. అప్పటిదాకా చైల్డ్–ప్యూలో మతి అంశానికి 1 పాయింటు ఉన్న మనిషికి ఉన్నట్టుండి 3 పాయింట్లు పడవచ్చు.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. ఏళ్లుగా ఈ కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, నిద్రలేమి, పిచ్చి మాటలు, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దొరకనప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో వచ్చినవారి తాకిడి పెరిగింది. ఆసుపత్రిలో చేరిన రెండోరోజో మూడోరోజో రోగి చేతులు వణుకుతుంటే, కలవరిస్తుంటే, అది కాలేయం వల్లనా, కల్లు మానడం వల్లనా అని తేల్చాలి. రెండింటికీ చికిత్సలు వేరు. ఒకదానికి మత్తుమందు పూర్తిగా ఆపాలి, రెండోదానికి కొలత ప్రకారం కొద్దికొద్దిగా ఇచ్చి తగ్గించాలి. "ఏం తాగుతడు, ఏ దుకాణంల, రోజుకెంత, ఆఖరుసారి ఎప్పుడు తాగిండు?" అని డాక్టరు అడిగినప్పుడు సిగ్గుపడి దాచిపెడితే చికిత్స పక్కదారి పడుతుంది. ఆ వివరం చెప్పడం అంటే ఆ మనిషిని బజారున పడేయడం కాదు, కాపాడుకోవడం.

రెండోది పసరు మందు. కళ్లు పచ్చబడగానే పసిరికలని పసరు తాగించడం, చెయ్యి కాల్పించడం ఊళ్లలో ఇంకా ఉంది. హెపటైటిస్ ఏ వంటి కామెర్లు ఏ మందూ లేకుండానే చాలామందిలో తగ్గిపోతాయి కాబట్టి, తగ్గింది పసరు వల్లే అన్న నమ్మకం స్థిరపడింది. సిర్రోసిస్ ఉన్నవారివి అలాంటి కామెర్లు కావు. ఆకు మందుల్లో కొన్ని కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021 నుంచి భారతీయ వైద్యులు నమోదు చేశారు. అన్నిటికంటే ముఖ్యంగా, పసరు తాగుతూ గడిపిన వారాల్లో మెల్డ్ 18 ఉన్న మనిషి 28కి చేరవచ్చు.

మూడోది వలస. ముంబయికో పుణెకో పనికి పోయిన మనిషి మొదటి పరీక్షలు అక్కడ, తర్వాతివి ఇక్కడ చేయించుకుంటాడు. పాత రిపోర్టులు ఉంటే జబ్బు ఎటు పోతోందో తెలుస్తుంది. అన్ని కాగితాలనూ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టుకోవడం చిన్న పనిలా కనిపించినా, డాక్టరుకు దానికంటే పనికొచ్చే సహాయం లేదు.

వైద్య సౌకర్యాలు

స్కోరుకు కావలసిన పరీక్షలకు ఇప్పుడు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రభుత్వ ఆసుపత్రుల రోగులకు ఉచిత పరీక్షలు చేసే తెలంగాణ డయాగ్నొస్టిక్ కేంద్రాలు 2021లో జిల్లాలకు విస్తరించాయి. హెపటైటిస్ బి, సి మందులను 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు.

పేదలకు కార్పొరేట్ వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతా రెండూ అనంతపురం, శ్రీకాకుళం. తెలంగాణలో దీని పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచారు.

అవయవ మార్పిడికి హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలో ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి, ప్రైవేటులో ఏఐజీ వంటి ఆసుపత్రులు ఉన్నాయి. మరణించినవారి అవయవాల కేటాయింపును నిమ్స్ ఆవరణలోని జీవన్‌దాన్ చూస్తుంది. మెల్డ్ 15 దాటినా, పొట్ట నీరు, రక్తపు వాంతి, మతి తప్పడం వంటివి ఒక్కసారి వచ్చినా మార్పిడి కేంద్రంలో చూపించుకోవాలి. అమెరికాలో మెల్డ్ స్కోరు వరుసలో స్థానం చెబుతుంది. మన దేశంలో ఎక్కువ కాలేయ మార్పిడులు బతికున్న బంధువు ఇచ్చిన ముక్కతోనే జరుగుతాయి. కాబట్టి ఇక్కడ స్కోరు కుటుంబానికి గడువు చెబుతుంది: ఎవరు ఇవ్వగలరు, వారి పరీక్షలు ఎప్పుడు చేయించాలి, డబ్బు ఎలా సమకూర్చుకోవాలి అన్నవన్నీ మెల్డ్ 30 దాటకముందే తేలాలి. కిడ్నీలు, ఊపిరితిత్తులు కూడా చెడ్డాక ఆపరేషన్‌ను తట్టుకునే శక్తి తగ్గుతుంది.

స్కోరును దించే పనులు

మద్యం వల్ల వచ్చిన జబ్బులో పూర్తిగా మానడానికి మించిన మందు లేదు. అలవాటు బలంగా ఉంటే వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. హెపటైటిస్ బి, సి ఉంటే మందులు క్రమం తప్పకుండా వాడాలి. పొట్ట నీరు ఉన్నవారికి రోజుకు ఒక టీస్పూను లోపు ఉప్పు. అంటే ఊరగాయ, అప్పడం, ఎండుచేప, దుకాణంలో కొన్న మిక్చర్ పక్కన పెట్టాలి. ప్రోటీన్ మాత్రం తగ్గించకూడదు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు, పాలు సరిపోతాయి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లో, కాస్త పెరుగన్నమో తింటే తెల్లవారేలోపు శరీరం కండను కరిగించుకోదు. "కామెర్లకు పత్యం" అని మజ్జిగన్నంతో నెలలు గడిపించడం మనిషిని ఎండగడుతుంది.

లాక్టులోజ్ సిరప్ రాసిచ్చినవారు రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు చూసుకోవాలి. మలబద్ధకం వస్తే మతి తప్పుతుంది, మరీ ఎక్కువైతే నీరు పోయి కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పికి డాక్టరు చెప్పిన పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు దాటకుండా వాడవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది, నిద్ర మాత్ర అడగకూడదు.

డాక్టరును అడగాల్సినవి

"ఇది ఏ స్కోరు? ఏ రోజు పరీక్షలతో లెక్క కట్టారు? పోయిన నెలతో పోలిస్తే పెరిగిందా, తగ్గిందా? పెరగడానికి మనం ఆపగలిగే కారణం ఏదైనా ఉందా? మార్పిడి గురించి ఇప్పుడే మాట్లాడాలా?" ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే కుటుంబానికి తాను ఎక్కడ ఉందో తెలుస్తుంది.

స్కోరు దిగకుండా పెరుగుతూనే ఉండి, మార్పిడికి వీలు లేని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఆ అంకె ఇంకో నిర్ణయానికి దారి చూపిస్తుంది: రోగి బాధను తగ్గించే వైద్యం మీద దృష్టి పెట్టడం, పదేపదే ఐసీయూకు తరలించాలా వద్దా అని రోగి మతి స్థిరంగా ఉన్నప్పుడే ఆయననే అడగడం, పొట్ట నీరు తీయించి ఊపిరి తేలికగా ఆడేలా చూడడం. పొలం అమ్మి, బంగారం కుదువపెట్టి వైద్యం చేయించే ముందు కుటుంబానికి నిజం తెలియాలి. ఆ నిజాన్ని దాచకుండా, భయపెట్టకుండా చెప్పడం వైద్యుడి బాధ్యత. స్కోరు అర్థం అడిగి తెలుసుకోవడం కుటుంబం హక్కు.